మంచం మీద నవ్వుతున్న పిల్లాడు

"నీ కళ్లు బాగున్నాయమ్మా" అని చెబితే ఎవరైనా వణికిపోవడం మీరు చూశారా? నేను చూశాను.

కళ్ల డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. కంట్లో మేకు దిగిన కేసో, జిల్లేడు పాలు పడిన కేసో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి బోలెడున్నాయి, టీ తాగుతూ చెప్పుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఆ వణికిపోయిన ఆవిడ కంట్లో ఏమీ లేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాదు. ఆప్తాల్మిక్ ఆఫీసరు అని పేరు ఇంత పొడుగున ఉంటుంది గానీ, పని మాత్రం చూపు పరీక్ష చేయడం, కళ్లజోడు నంబరు తేల్చడం, శుక్లాలు ముదిరిన ముసలివాళ్లని ఏరి ఆపరేషనుకి పంపడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను తిరగని మూల లేదు. ఈ సంగతి జరిగినప్పుడు గజపతినగరం వైపు ఒక ఆసుపత్రిలో ఉన్నాను. జనం "కళ్ల మేడమ్" అనేవారు. నోరెక్కువని కూడా అనేవారు. నిజమే, ఎక్కువే.

అక్కడ మేం ముగ్గురం. ఒకరు మా స్టాఫ్ నర్సు. బాప్టిస్టు చర్చి కుటుంబం, పొద్దున్నే ప్రార్థన చేసుకోందే సూది ముట్టేది కాదు. నాకంటే పెద్దది, నన్ను "ఒసే" అనే హక్కు ఆ ఆసుపత్రిలో ఆవిడ ఒక్కదానికే ఉండేది. ఇంకొకరు కంటి డాక్టరు. కుర్రాడు, పీజీ పూర్తిచేసి అప్పుడే వచ్చాడు. చెయ్యి మంచిది, తల పుస్తకాల్లో ఉండేది.

మా పని పద్ధతి ఎలాంటిదంటే, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ముందుగా అనే మాట "కదలకు". గోడ మీద చార్టు కదలదు. రంగుల పుస్తకం కదలదు. పక్కచూపు పరీక్షించేటప్పుడు వేళ్లు ఆడించి "ఎప్పుడు కదిలాయో చెప్పు" అని అడగాలని మాకు ట్రైనింగులో నేర్పారు. కానీ బయట వరండా అంతా జనం ఉంటే అంత తీరిక ఎవరికి? "ఎన్ని వేళ్లు?" అని చూపించేసి పంపేస్తాం. నేను చూసిన ప్రతి ఆసుపత్రిలోనూ అలాగే చేసేవారు. మా పరీక్ష మొత్తంలో కదిలేది ఒక్కటీ ఉండేది కాదన్నమాట. ఆ రోజు వరకూ అది ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు ఓపీకి ఒక కుటుంబం వచ్చింది. అత్త, కొడుకు, కోడలు. అత్త భుజమ్మీద ఎనిమిది నెలల పిల్లాడు. కోడలికి పాతికేళ్లు కూడా ఉండవు. తల దించుకుని, మొగుడి చొక్కా అంచు పట్టుకుని వచ్చింది. కాలి మీద కాలిన పుండు ఇంకా మానలేదు.

"ఏటైనాది?" అన్నాను.

అత్త అందుకుంది. "కళ్లు సూడండమ్మా. బాగున్నాయో, బాగోనేదో ఒక మాట సెప్పీయండి. మాకదే కావాల."

"ఎందుకని?"

"ఇది పిల్లోడి పక్కనే కూకొని, కళ్లార్పకుండా ఆడినే సూస్తన్నాది. ఆడు దొర్లి దొర్లి మంచం అంచుకొచ్చీసినాడు. నాను పెరట్లోంచి సూసి కేకేసినాను. ఇది సెయ్యి సాపనేదు. పిల్లోడు దబ్బుమని కింద పడ్డాడు. పడ్డాక కూడా మంచం మీదికే సూస్తన్నాది. తల్లి సేసే పనేనేటమ్మా?"

నర్సు "ప్రభువా" అంది. నేను కోడలి వైపు చూశాను.

ఆవిడ తల ఎత్తకుండా చెప్పింది. "మంచం మీదే ఉన్నాడమ్మా. నవ్వుతన్నాడు. కిందనించి ఏడుపు ఇనిపించినాది. ఇంకెవుల పిల్లోడు ఏడుస్తన్నాడా అనుకున్నాను."

అత్త కళ్లతోనే "చూశారా" అంది.

మొగుడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. మెల్లిగా సంగతి విప్పాడు. కాన్పయిన వారంలోనే ఈవిడకి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది, ఒకసారి మూర్ఛ కూడా వచ్చింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. నొప్పి తగ్గింది గానీ మనిషి మారిపోయింది. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్లు మూసుకుంటుంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది. గంజి వార్చమంటే కాలి మీద పోసుకుంది. పిల్లాడు పడ్డ తరవాత ఇంట్లో పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. కళ్లలో లోపముంటే మందిప్పిద్దాం. కళ్లు బాగుంటే మాత్రం ఇది కావాలని చేసిందైనా అవ్వాలి, పట్టిన గాలి చేయించిందైనా అవ్వాలి. ఎలాగైనా పిల్లాడి దగ్గర ఉంచకూడదు. నరసన్నపేట దగ్గర పుట్టింట్లో దింపేసి, పిల్లాణ్ణి తామే పెంచుకోవాలి. ఆటో బయట ఆగి ఉంది. ఆవిడ బట్టల సంచీ అందులోనే ఉంది.

నేను చార్టు ముందు కూర్చోబెట్టాను. అడుగు వరస దాకా తడుముకోకుండా చదివేసింది. రంగుల పుస్తకంలో ఒక్క అంకె తప్పలేదు. ఎన్ని వేళ్లంటే అన్నీ చెప్పింది. కంటి లోపల చూశాను, అద్దంలా ఉంది.

"నీ కళ్లు బాగున్నాయమ్మా" అన్నాను.

ఆవిడ గడగడ వణికిపోయింది. నా మణికట్టు పట్టేసుకుంది. "ఇంకోసారి సూడండమ్మా. బాగోనేదని సెప్పండి. మీకు దండం ఎడతాను."

కళ్లు బాగున్నాయంటే ఏడ్చేవాళ్లు నాకు కొత్త కాదు. పింఛను కోసం గుడ్డితనం రాయమని కాళ్లు పట్టుకున్నవాళ్లని చూశాను. విసుక్కుని చెయ్యి లాక్కున్నాను. అత్త అప్పటికే లేచి పిల్లాణ్ణి భుజమ్మీద సర్దుకుంటోంది. "పదండి మరి" అంది కొడుకుతో. గొంతులో సంతోషం లేదు, పాపం. ఆవిడా భయపడిపోయి ఉంది.

అప్పుడు ఆ పిల్ల పైకి చూసి, ఎవరితోనో అన్నట్టు అంది. "ఫేను ఆగిపోయే ఉన్నాది. మరి గాలెలగొస్తన్నాది?"

నేనూ పైకి చూశాను. లో వోల్టేజీ. ఫ్యాను నెమ్మదిగా, రెక్క రెక్కా లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది. మంచం మీద పిల్లాణ్ణి కూడా ఇలాగే చూసి ఉంటుందని అనిపించింది.

"ఆగండి. ఎవరూ ఎక్కడికీ కదలకండి" అన్నాను.

ఆవిణ్ణి చీకటి గదిలోకి తీసుకెళ్లాను. కంటి నంబరు చూసే గది అది, తలుపేస్తే టార్చి చుక్క తప్ప ఏమీ కనిపించదు. చుట్టూ తిరిగి సామాను సర్దుకుని, తలుపేసి, ఆవిడ ఎదుట కూర్చున్నాను. టార్చి వెలిగించి ఎడమనించి కుడికి మెల్లిగా జరిపాను. "దీన్నే చూడు, తల తిప్పకు."

మామూలు మనిషి కళ్లు వెలుగు వెంట నూనె రాసినట్టు జారతాయి. ఈవిడ కళ్లు ఉన్నచోటే ఉండిపోయాయి. ఉన్నట్టుండి ఒక గెంతు గెంతాయి. మళ్లీ ఆగాయి. మళ్లీ గెంతు.

"ఆరిపోనాది" అంది. "అదిగో, అక్కడెలిగినాది. మళ్లీ ఆరిపోనాది."

టార్చి ఒక్కసారి కూడా ఆరలేదు.

నేను నోరు తెరవకముందే మెల్లిగా అడిగింది. "ఈ గదిలో ఎంతమందున్నారమ్మా?"

"నువ్వూ నేనూను. ఇంకెవరున్నారు?"

"తలుపెయ్యకముందు ఆ మూలొకరు నిలబడినారు. బల్ల కాడ ఒకరు. ఇప్పుడు మీరు. అందరూ మీలాగే ఉన్నారు."

ఇన్నేళ్లు ఆ చీకటి గదిలో ఒంటరిగా పనిచేశాను. ఎప్పుడూ భయమెరగను. ఆ పూట గబగబా లేచి లైటు వేశాను.

లైటు వెలుగులో ఎదురుగా కూర్చుని అడిగాను. "నేను మాట్లాడుతుంటే నా నోరు కదుల్తోందా?"

"నేదమ్మా. ఎవులదీ కదలదు. మొకం ఫోటోలాగ ఉంటాది, మాట ఎక్కడినించో వస్తాది. పిల్లోడు ఏడుస్తన్నా అంతే. నవ్వుతన్న మొకంలోంచి ఏడుపొస్తాది." అప్పుడు ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఆడు నా కొడుకేనా అని బయమేస్తాదమ్మా. ఎవులకని సెప్పుకోను? సెప్తే నన్నే దెయ్యం అంటారు."

"గంజి?"

"తెల్లగా కడ్డీలాగ నిలబడిపోనాది. ఇంకా పడనేదనుకొని ఇంకా ఒంపినాను."

నేను మనిషిని పంపి ఆపరేషన్ థియేటర్లోంచి డాక్టర్ని పిలిపించాను. ఆయన టోపీ కూడా తియ్యకుండా వచ్చాడు. నేను చూసినదంతా చెప్పాను. డాక్టరు ఆవిడ మొగుణ్ణి అడిగి ఫోన్లో పిల్లాడి వీడియో పెట్టించి ఆవిడకి చూపించాడు. ఫోటోలు ఒకదాని తరవాత ఒకటి మారుతున్నాయంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"మేడమ్, ఇది నేను పుస్తకంలో చదివానండీ! మనిషిని చూస్తాననుకోలేదు. ఎంత అరుదైన కేసో తెలుసా మీకు!"

"డాక్టరు గారూ, ఆవిడ ఏడుస్తోంది" అన్నాను.

కుర్రాడికి సిగ్గేసింది. టోపీ తీసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక మాత్రం బాగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కన్ను వెలుగుని పట్టి వెనక్కి పంపడం వరకే. చూడటమనేది మెదడులో, ముఖ్యంగా తల వెనక భాగంలో జరుగుతుంది. అక్కడ రంగు పోల్చుకునే దారి ఒకటి, కదలిక పట్టుకునే దారి ఇంకొకటి, ఏది దగ్గరో ఏది దూరమో తేల్చే పని వేరే. పూర్తిగా గోడలు కట్టినట్టు వేరు కావు, ఒకదానికొకటి కబుర్లు అందించుకుంటూనే ఉంటాయి. అవన్నీ కలిసి మనకి ఒకే చూపులా అనిపిస్తాయి. పురిట్లో మెదడు రక్తనాళం ఏదో మూసుకుపోయి, కదలిక చూసే చోటు రెండు పక్కలా దెబ్బతిని ఉండాలి. మిగతావన్నీ మిగిలాయి. స్కానింగు తియ్యాలి, విశాఖపట్నం రాసిస్తాను, రేపే వెళ్లండి.

అత్త అంతా విని ఒకే మాటంది. "డాట్టర్లు ఏదైనా సెప్తారు. మంచం సూసింది గాని కొడుకుని సూడనేదా? అలగెక్కడైనా ఉంటాదా?"

తప్పు పట్టలేం. నాకే మింగుడు పడలేదు. మాటలతో అయ్యే పని కాదనిపించింది. నర్సు సొరుగులో సూది, దారపుండలు ఉంటాయి. అవి తీసుకొచ్చి బల్ల మీద పోశాను. ఎరుపు, గులాబీ, నారింజ, కనకాంబరం రంగు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"కనకాంబరం దారం తియ్" అన్నాను. తీసింది.

"సూదిలో ఎక్కించు." ఒక్కసారికే ఎక్కించింది. అంటే రంగూ తెలుస్తోంది, సూది బెజ్జం ఎంత దూరంలో ఉందో అదీ తెలుస్తోంది. అత్త కళ్లు చికిలించి చూస్తోంది. అత్తకీ, నర్సుకీ, నాకూ కళ్లజోడు లేకుండా ఆ పని అవదు.

తరవాత నా చెయ్యి ఆవిడ ముందు పెట్టి అటూ ఇటూ ఊపాను. "ఇప్పుడు నా చెయ్యి ఏం చేస్తోంది?"

"ఏటీ సేయట్లేదు. ఆగి ఉన్నాది."

అత్త పిల్లాణ్ణి కొడుక్కిచ్చి ముందుకొచ్చింది. నన్ను పక్కకి జరిపి, తన చెయ్యి కోడలి మొహం ముందు పెట్టి ఊపింది. గాజులు గలగలమన్నాయి. "నాది?"

"గాజుల సప్పుడు ఇనిపిస్తన్నాదత్తా. సెయ్యి ఆగే ఉన్నాది."

అత్త ఇంకా గట్టిగా ఊపింది. ఇంకా గట్టిగా. ఆ పిల్ల చూపు గాలిలో ఒకచోట నిలిచిపోయింది, అక్కడ అత్త చెయ్యి లేదు. అది ఎప్పుడో దాటిపోయింది. అంత దగ్గరగా ఉండి, అంత చక్కటి కళ్లతో, లేనిదాన్ని చూస్తున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. చూడకూడదు కూడా.

అత్త చెయ్యి దించేసింది. "అయితే పిల్లోడు పడినప్పుడు..." అని ఆగింది. "నిజంగా నీకు మంచం మీదే కనిపించినాడేటే?"

"నవ్వుతన్నాడత్తా" అంది ఆవిడ.

అత్త నేల మీద కూలబడిపోయింది. గాలి లేదు, దెయ్యం లేదు, కావాలని చేసిందీ కాదు. అక్కడితో అయిపోతుందనుకున్నాను నేను. కాలేదు. తల ఎత్తి నన్నే అడిగింది. "మరైతే పిల్లోడిని దీని సేతికెలగిస్తామమ్మా? మళ్లీ పడిపోతే?"

నేను డాక్టరు వైపు చూశాను. ఆయన చేతిలో టోపీ మడతపెట్టాడు. మొగుడు పిల్లాణ్ణి ఎత్తుకుని ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. కదలని మొహాలు ఎన్ని చూసిందో, వాటిలో ఏం కనిపించిందో. ఆటో డ్రైవరు బయట రెండుసార్లు హారను కొట్టాడు.

మా నర్సు కదిలింది. "అమ్మీ, కళ్లు మూసుకో" అంది.

"ఏటండి?"

"కళ్లు మూసుకోయే. గట్టిగా. గుడ్డి తల్లులు పిల్లల్ని పెంచలేదేటి?" అంటూ మొగుడి చేతుల్లోంచి పిల్లాణ్ణి లాక్కుని ఆవిడ ఒడిలో పెట్టేసింది.

ఆవిడ కళ్లు మూసుకుంది. అప్పటిదాకా మొద్దులా ఉన్న చేతులు మారిపోయాయి. ఒక చెయ్యి మెడ కిందకి వెళ్లింది, ఇంకొకటి వీపు నిమిరింది. పిల్లాడు తల్లి జాకెట్టు వెతుక్కున్నాడు. కొంగు కప్పి పాలిచ్చింది. వాడు కాలు జాడిస్తే కాలు పట్టుకుంది, పక్కకి ఒరిగితే మోచెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు మాత్రం తెరవలేదు. మూసిన రెప్పల కిందనించి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నా కళ్లూ తడిశాయి, ఎందుకు దాచాలి?

అత్త చాలాసేపు చూసింది. తరవాత లేచి, ముక్కు చీదుకుని, కొడుకు మీద విరుచుకుపడింది. "సూస్తన్నావేట్రా గుడ్లప్పగించి? మంచం ఇప్పదీసీ. ఈ రోజునించి నేల మీద సాపే. ఆటోలో సంచీ మన ఇంట్లో దించీయమను."

స్కానింగులో డాక్టరు అనుకున్నదే తేలింది. మందులు వాడారు. తలనొప్పి, మూర్ఛ మళ్లీ రాలేదు. కదలికని చూసే చూపు మాత్రం తిరిగి రాలేదని కబురు తెలిసింది. ఆ తరవాత నాకు కొంతకాలం ఇంట్లో వింతగా ఉండేది. గంజి వారుస్తుంటే చెయ్యి ఆగేది. వీధిలో మనిషి వస్తుంటే, అడుగు అడుగుకీ కదలిక కనిపిస్తోందో లేదోనని పట్టి చూసేదాన్ని. మా ఆయన "ఏమైందే నీకు?" అనేవారు. నా తలలో కూడా ఏదో మూల ఎవరో కూర్చుని ఈ బొమ్మలన్నీ కలిపి కదిలిస్తున్నారు కాబోలు, వాళ్లు ఒక పూట పని మానేస్తే నా గతేంటని నా భయం. చెబితే నవ్వుతారని చెప్పలేదు. పిల్లలూ, మీరు మాత్రం వేళ్లు ఆడించి అడగండి. వరండా నిండా జనం ఉన్నా సరే, అడగండి.

రిటైరవడానికి కొంచెం ముందు బడిపిల్లల కళ్ల పరీక్షకని ఆ ఊరు వెళ్లాను. పని అయ్యాక వాళ్ల ఇల్లు అడుక్కుంటూ వెళ్లాను. పెంకుటిల్లు, ముందు పెద్ద వాకిలి. గేటు తీస్తుండగా లోపలంతా కనిపించింది. అత్త చేటతో బియ్యం చెరుగుతోంది. ఎవరో ముసలాయన తాడు పేనుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుతున్నారు. నాలుగేళ్ల కుర్రాడు పాత టైరు దొర్లించుకుంటూ వాకిలంతా తిరుగుతున్నాడు. కేకలు, నవ్వులు, గోలగోలగా ఉంది.

ఆవిడ వంటింట్లోంచి తల దించుకుని గుమ్మంలోకి వచ్చింది. ద్వారబంధం పట్టుకుని తల ఎత్తింది.

గోల టక్కున ఆగిపోయింది.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అత్త చేట గాలిలో ఉన్నది ఉన్నట్టే ఆగింది. ముసలాయన చేతుల్లో తాడు ఆగింది. ఆడపిల్లలు ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు. కుర్రాడు ఒంటి కాలి మీద ఆగాడు, టైరు వాణ్ణి వదిలేసి వెళ్లి గోడకి కొట్టుకుని పడింది. పట్టపగలు, ఎండలో, ఒక ఇంటి మనుషులంతా కదలకుండా, రెప్ప కూడా వెయ్యకుండా నిలబడి ఆవిడ వైపు చూస్తున్నారు. కోళ్లు మాత్రం వాటి మానాన అవి తిరుగుతున్నాయి.

ఆవిడ ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసింది. అత్తని చూసింది, ముసలాయన్ని చూసింది, ఆడపిల్లల్ని చూసింది. చివరికి కుర్రాడి మీద చూపు ఆపింది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ, ఊగిపోకుండా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

"నవ్వుతన్నావురా" అంది. మొహమంతా వెలిగింది.

తరవాత తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. చేట ఆడింది, తాడు తిరిగింది, గోల మొదలైంది. కుర్రాడు కాలు కింద పెట్టి టైరు కోసం నా పక్కనించే పరిగెత్తాడు. నేను వాణ్ణి ఆపి, "ఎందుకురా అలా నిలబడిపోయారు?" అని అడిగాను.

వాడు నన్ను వింతగా చూశాడు, ఇంత పెద్దదానికి ఇది కూడా తెలీదా అన్నట్టు.

"కదిల్తే మా అమ్మకి కనబడం" అన్నాడు.

వాడు వెళ్లిపోయాడు. నేను మాత్రం గేటు దగ్గరే, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉంచి, కదలకుండా నిలబడ్డాను. ఆవిడ మళ్లీ బయటికి వచ్చి చూసేదాకా.